మూరెడు అంబాసిడర్

నవంబర్ 16, ఆదివారం

అత్త ముట్టుకోవద్దంది. ముట్టుకున్నాను.

దుమ్ము తుడుద్దామనే. బావ చేస్తున్న కారు బొమ్మని బీరువా మీంచి దించి, చున్నీ కొసతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేశాను. బానెట్ మీద వేలు రాస్తే ఇంకా గరుకుగానే ఉంది. వచ్చాక వాటర్ పేపర్ కొట్టి నున్నగా చేస్తానన్నాడు.

బోటు వెళ్లింది ఎనిమిదో తారీఖున. వాయుగుండం అని కబురు రాగానే అన్ని బోట్లూ వెనక్కి తిరిగాయి. గురువారం సాయంత్రానికి హార్బర్ నిండిపోయింది. చలమయ్య గారి బోటు ఒక్కటే రాలేదు. అందులో బావతో కలిపి ఆరుగురు. అసలు బావ పని ఫైబర్ బోట్లు కట్టడం. యార్డులో పని లేదని ఈ సీజన్‌కి ఇంజన్ చూడ్డానికి ఎక్కాడు. వద్దన్నాను. ఒక్క సీజనే కదే అన్నాడు.

రేపు వచ్చేస్తాడు. వచ్చాక ఈ పేజీ చింపేస్తాను.

నవంబర్ 17

స్విచ్డ్ ఆఫ్. ఆ రికార్డింగ్ పిల్ల గొంతు పిసికేయాలనుంది.

నవంబర్ 19, బుధవారం

క్లినిక్‌కి లీవ్ చెప్పి హార్బర్‌కి వెళ్లాను. కోస్ట్ గార్డ్ వాళ్లు వెతుకుతున్నారు, హెలికాప్టర్ కూడా తిరిగింది, ధైర్యంగా ఉండమ్మా అన్నాడు చలమయ్య గారు. ధైర్యంగా ఉండమని చెప్పేవాళ్లందరూ ఒడ్డునే ఉన్నారు. బోటులో లైఫ్ జాకెట్లున్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. ఎన్ని అన్నాను. ఫోన్ చెవిన పెట్టుకుని ఐస్ ప్లాంట్ వైపు నడిచాడు. ఆ ఫోన్ మోగడం నేను వినలేదు.

ఇంటికొచ్చి కారు దించి ఒళ్లో పెట్టుకున్నాను.

ఇది ఊరికే అంబాసిడర్ కాదు. మా పెళ్లికారు. సింహాచలంలో పెళ్లయ్యి దిగి వస్తుంటే హనుమంతవాక దగ్గర ఆగిపోయింది. బావ బాసికంతోనే దిగి వెనక నుంచి తోశాడు. నేను లోపల కూర్చుని నవ్వాపుకోలేక చచ్చాను. కొత్త పెళ్లికూతురు అలా నవ్వకూడదని మా అమ్మ కిటికీలోంచి గిల్లింది. వెనక అద్దం మీద మా పేర్లతో థర్మాకోల్ హార్ట్. ఎడమ టెయిల్ లైట్ పగిలితే ఎర్ర జిలెటిన్ పేపర్ అంటించారు. సీట్లకి మెరూన్ వెల్వెట్. ఆ కారు స్క్రాప్‌కి పోయిందని తెలిసిన రోజు బావ అన్నం తినలేదు. మర్నాడు థర్మాకోల్ దిమ్మలు తెచ్చి చెక్కడం మొదలెట్టాడు. ఫిబ్రవరిలో పెళ్లిరోజుకి ఇస్తానన్నాడు. మన కారే, సేమ్ టు సేమ్, టెయిల్ లైట్‌తో సహా అన్నాడు.

పదో వంతు సైజు. మూరెడుంటుంది. చెక్కిన అచ్చుకి లప్పం పెట్టి నున్నగా రుద్ది, దాని మీంచి మోల్డ్ తీసి, మోల్డ్‌లో జెల్‌కోట్, గాజునార మ్యాట్, రెజిన్ పొరలుగా వేసి బాడీ లాగాడు. బోటుకి ఏం చేస్తారో కారుకీ అదే చేశాడు. వచ్చిన విద్య ఒకటే మరి.

నవంబర్ 21, శుక్రవారం

అత్త చేపల తట్ట ఎత్తుకుని వెళ్లాక కారు తీసుకుని డాబా ఎక్కాను.

వాటర్ పేపర్ నీళ్లలో ముంచి రుద్దుతుంటే తెల్లటి పాలు కారతాయి. చేతికి నున్నన తెలుస్తుంది. ఆ కాసేపూ బావ ఎక్కడున్నాడని ఆలోచించలేదు. తర్వాత అది గుర్తొచ్చి ఏడ్చాను. మొగుడు నీళ్లలో ఉంటే పెళ్లాం కాసేపు హాయిగా ఉందన్నమాట.

అత్త రూలు ఒకటుంది. సముద్రం మీదికెల్లినోడి పని ఒడ్డునున్నోలు పూర్తి సేయకూడదంట. పని మిగిలుంటేనే మనిషి దానికోసమైనా తిరిగొస్తాడంట. పూర్తయిపోతే ఇంక ఆడికి ఒడ్డుమీద పనేటి అంటుంది. జాలరిపేటలో ఇంకే ఇంట్లోనూ ఈ రూలు లేదు. ఎక్కడిదత్తా ఇది అంటే కళ్లెర్రజేస్తుంది.

నేను పూర్తి చేయను. రుద్దుతాను. రుద్దడం వేరు, పూర్తి చేయడం వేరు.

నవంబర్ 23, ఆదివారం

ఇవాళ కారు తిరగేసి చూశాను. నవ్వొచ్చింది. పది రోజుల్లో మొదటిసారి.

అడుగంతా బోటు అడుగులాగే మూసేశాడు. అంచులతో సహా డబుల్ మ్యాట్. డోర్లు కట్ చేయలేదు, పైన గీతలు గీశాడంతే. కట్ చేస్తే నీళ్లు చొరబడతాయి కదా పాపం. టాప్ ఒక్కటే బోటు కేబిన్‌లాగా విడిగా ఊడొస్తుంది. చక్రాలకని పక్కన పెట్టినవి వల తేలడానికి కట్టే బెండ్లు, నల్లరంగు వేసినవి. అన్నిటికంటే ఘోరం, డిక్కీ కింద చిన్న ఇత్తడి మర. డ్రైన్ ప్లగ్. బోట్లో చేరిన నీళ్లు వదలడానికి పెట్టేది. అంబాసిడర్‌కి డ్రైన్ ప్లగ్ పెట్టాడు మహానుభావుడు. వాడికి తెలిసుండదు కూడా. చెయ్యి దానంతటది పెట్టేసుంటుంది.

మర విప్పాను, బిగించాను. విప్పాను, బిగించాను. ఇంత నీళ్లు చొరకుండా కట్టేవాడివి ఆ పాత చెక్క బోటు ఎందుకెక్కావు బావా.

నవంబర్ 25

క్లినిక్‌కి వెళ్లాను. వెళ్లకపోతే పిచ్చెక్కేలా ఉంది. సీతమ్మధారలో ఎవరికీ సముద్రం గుర్తుండదు. కళ్లజోడు నంబర్లు, అపాయింట్‌మెంట్లు, పార్కింగ్ గొడవలు. బాగుంది.

అయిపోయిన టాబ్లెట్ స్ట్రిప్పుల్లో గుండ్రంగా ఉబ్బినవి ఏరుతుంటే నాతో రిసెప్షన్‌లో కూర్చునే గ్రేసీ చూసింది. ఎందుకని అడిగింది. హెడ్‌లైట్లకి అన్నాను. ఇంకేం అడగలేదు, మంచి పిల్ల. సాయంత్రం దాకా తనూ ఏరింది. వెళ్లేముందు, ఆదివారం వాళ్ల చర్చిలో పాస్టర్ గారు ఆరుగురి పేర్లూ చదివి ప్రార్థన చేశారని చెప్పింది. థాంక్స్ అన్నాను. బాత్రూమ్‌లోకెళ్లి గడియ పెట్టుకున్నాను. బావ పేరు జనం నిలబడి వినే పేరైపోయింది.

నవంబర్ 28

వెతకడం ఆపేశారు. ఆపేశామని ఎవరూ చెప్పలేదు. హెలికాప్టర్ చప్పుడు లేదు, అంతే.

నవంబర్ 30, ఆదివారం

దొరికిపోయాను.

చేపలు తొందరగా అమ్ముడుపోయి అత్త మధ్యాహ్నానికే వచ్చేసింది. డాబా మీద నేను, నా చుట్టూ ఫెవిక్విక్, కత్తెర, నా పెళ్లి జాకెట్టు ముక్కలు. మెరూన్ వెల్వెట్టే అది. సీట్లకి సరిగ్గా సరిపోయింది.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. తట్ట కింద పడేసి, దాని పక్కనే కూలబడిపోయింది. ఏటి సేత్తన్నావే పిల్లా, ఏటి సేత్తన్నావే అని అదే మాట. పూర్తి చేయట్లేదత్తా, కొంచెం కొంచెం అంతే అన్నాను. నానూ అలాగే అనుకున్నాను అంది.

అప్పుడు చెప్పింది. బావ వాళ్ల నాన్న వీరన్న మావయ్య సముద్రం మీద పోయినప్పుడు బావ చిన్నోడు. మావయ్య సగం అల్లి వదిలేసిన వల ఇంట్లో ఉందంట. ఎదురుసూసి ఎదురుసూసి సేతులు ఊరుకోక ఆ వల నానే అల్లీసినానే అంది. ఆడొచ్చి సూసి మెచ్చుకుంటాడనుకున్నాను అంది. ఆఖరి ముడి ఏసిన సాయంత్రమే కబురొచ్చినాదంట. ఆ వల ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు, ఇసకలో గొయ్యి తీసి కప్పేసిందంట. ఈ రూలు దేవుడిది కాదు, ఊరిది కాదు, అత్తది. ఇన్నేళ్లుగా ఒక్కత్తే మోస్తోంది.

ముట్టుకోనని ఒట్టేశాను. తల మీద చెయ్యి పెట్టించుకుంది. ఎవరి తల మీద అంటే, నా తల మీద కాదు. కారు టాప్ మీద.

డిసెంబర్ 1

ముట్టుకోలేదు.

డిసెంబర్ 2

ముట్టుకోలేదు. గోళ్లు రక్తం వచ్చేదాకా కొరికాను.

డిసెంబర్ 3

ముట్టుకున్నాను.

డిసెంబర్ 5, శుక్రవారం

నాకేం పట్టిందో నాకే తెలియదు. ఇవాళ పొద్దున కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయాను. హెడ్‌లైట్లు అంటించాను. స్టీలు పట్టీ వంచి బంపర్లు పెట్టాను. బెండ్లు బిగించాను. తిరుగుతున్నాయి కూడా. గ్రిల్‌కి ఫ్యాను కవర్ జాలీ సన్నగా కత్తిరించాను. ఎడమ టెయిల్ లైట్ తీసేసి చాక్లెట్ కాగితం ఎర్రది అంటించాను. కరెక్టుగా అలాగే వచ్చింది, వంకరగా. వెనక అద్దం మీద చిన్న హార్ట్. దొరబాబు వెడ్స్ దేవి. సూదిమొన రంగులో ముంచి రాశాను.

ఆకలేసి తలెత్తి చూస్తే ఏం మిగల్లేదు. స్టీరింగ్ ఒక్కటి. డాష్‌బోర్డులో దానికోసం బావ పెట్టిన చిన్న కన్నం ఉంది. వేలు పెట్టి మూశాను.

చాలా అందంగా ఉంది. అంత అందంగా ఉండకూడదు. భయమేసి చీరలో చుట్టి మంచం కిందికి తోశాను.

డిసెంబర్ 6, శనివారం

ఒడిశా వైపు ఒడ్డున బోటు కేబిన్ తలుపు దొరికింది. రెండు డీజిల్ క్యాన్లు కూడా. తలుపు మీద చలమయ్య గారి బోటు పేరు, నంబర్. ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. తలుపుకి లోపలి వైపు బావ బాల్‌పెన్‌తో రాసుకున్న ఆయిల్ చేంజ్ తారీఖు కనిపిస్తోంది. వాడి ఏడు అంకె వాడిలా ఎవరూ రాయరు.

మనుషులు లేరు.

డిసెంబర్ 8

నేనే చంపాను.

డిసెంబర్ 9

గ్రేసీకి చెప్పాను. మొత్తం చెప్పాను. తలుపు విరిగింది వాయుగుండం రోజు, నువ్వు బంపర్ పెట్టింది మొన్న, ఏ లెక్కన చంపావు నువ్వు అని అడిగింది. బీఎస్సీ ఫిజిక్స్ చదివినదానివి కదా అంది. చదివాను. ఫస్ట్ క్లాస్. ఈ మాట నాకు నేను చెప్పుకోలేదనుకుంటోందా. నాకు తెలుసు. తెలిసినా మంచం కింద అది ఉంటే నిద్రపట్టట్లేదు.

అత్తకి తెలుసు. మంచం కింద ఊడ్చింది. ఏం అనలేదు. ఆ ఏం అనకపోవడం భరించలేకపోతున్నాను. తిట్టు అత్తా, ఒక్కసారి తిట్టు.

డిసెంబర్ 14, ఆదివారం

పేట పెద్ద తాతబాబు గారు ఆరు ఇళ్లవాళ్లనీ కూర్చోబెట్టాడు. అమావాస్య వెళ్లాక ఆదివారం, అంటే ఇరవై ఒకటిన, అందరికీ ఒకే రోజు కర్మ చేసేద్దామన్నాడు. మనిషి దొరక్కపోతే బొమ్మ చేసి చేస్తారంట. ఐదు ఇళ్లవాళ్లూ తలూపారు. తలూపినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకి ఏడవడానికి ఒక రోజు కావాలి.

నేను మాత్రం లేచి నిలబడ్డాను. ఫోన్ స్విచ్డ్ ఆఫ్ అంటోంది గానీ పోయాడని ఎవరూ అనలేదు కదా అన్నాను. ఇంకో దేశం వాళ్లు పట్టుకుని జైల్లో పెట్టుండొచ్చు, ఏ షిప్పువాళ్లో ఎక్కించుకునుండొచ్చు, అలా నెలల తర్వాత వచ్చినవాళ్లు లేరా అన్నాను. గట్టిగానే అన్నాను, అరిచాను. తాతబాబు గారు మంచిగానే, నీ బాద నాకు తెల్దేటమ్మా అన్నాడు. వెనకెవరో ఆడమనిషి, పాపం గుంటకి బుర్ర పోనాది అంది.

అత్త నా వైపు లేదు, వాళ్ల వైపు లేదు. గోడకానుకుని కాళ్లు చూసుకుంటూ కూర్చుంది.

డిసెంబర్ 17, బుధవారం

సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చేసరికి అత్త మంచం కింద నుంచి కారు తీసి పీట మీద పెట్టింది. తుడిచింది కూడా. మెరుస్తోంది.

దీన్ని పూర్తి సేసీయే అంది.

నాకు వినపడలేదేమో అనుకుని మళ్లీ అంది. ఆడు బతికుంటే ఎక్కడున్నా వత్తాడు. పోయుంటే మాత్రం, సగం పని పట్టుకుని అక్కడే యేలాడతన్నాడేమోనే, ఆ నీల్లల్లో, సలిలో. మీ మావ వల పూర్తి సేసీసినానని ఇన్నేల్లు ఏడిసినాను గానీ, పూర్తి సేయబట్టే ఆడు పేణం సుఖంగా ఎల్లిపోనాడేమో. ఎవుల్ని అడగాల.

ఇంత పెద్ద మాట అత్త నోట ఎప్పుడూ వినలేదు. అదీ ఏడవకుండా. ఏడుస్తూ చెప్పుంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

ఇప్పుడు నేనేం చేయాలి? బతికుంటే, స్టీరింగ్ పెడితే వాణ్ని వదిలేసినట్టు. పోయుంటే, పెట్టకపోతే వాణ్ని చలిలో కట్టేసినట్టు. ఏది చేసినా వాడికే తగులుతుంది. ఎవడైనా వచ్చి ఇలా చెయ్ అని చెప్పండి. చేస్తాను. కాళ్లు పట్టుకుంటాను.

డిసెంబర్ 18

చలేస్తోందా బావా?

డిసెంబర్ 20, శనివారం

పెట్టేశాను.

బావ డబ్బాలో రాగి తీగ ఉంది. గాజు మీద పెట్టి గుండ్రంగా వంచితే పెద్దదైంది. ఉంగరం మీద వంచాను. నా ఉంగరం కాదు, బావది. ఇంజన్‌లో ఇరుక్కుంటుందని తీసి ఇంట్లో పెట్టి వెళ్లాడు. మధ్యలో రెండు తీగ ముక్కలు సోల్డర్ చేశాను. అంబాసిడర్ స్టీరింగ్‌కి మా పెళ్లికారు డ్రైవరు తాడు చుట్టుకున్నాడు, చెమటకి చెయ్యి జారకుండా. అందుకని నేను వల దారం చుట్టాను. ఎంత చుట్టినా దారం వదులైపోతోంది. అత్త పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ ఇటియ్యి అని లాక్కుంది. ఆఖరి ముడి తనే వేసింది. పళ్లతో దారం తెంపింది.

కన్నంలో పెట్టి నొక్కితే టక్కుమంది.

ఇద్దరం చాలాసేపు తలుపు వైపు చూశాం. ఎవరూ రాలేదు, కబురూ రాలేదు. పక్కింట్లో టీవీ మోగుతూనే ఉంది.

డిసెంబర్ 21, ఆదివారం

వెలుగొస్తుండగా అత్త లేపింది. కర్మ పదింటికి. దానికంటే ముందు కారు సముద్రానికి ఇచ్చేద్దామంది. ఆడి పని ఆడికి అప్పజెప్పేద్దాం, తరవాత నీ ఇష్టం అంది. కారు కొంగులో చుట్టుకుని తనే ముందు నడిచింది. నేను వెనక. చిన్న పిల్లని ఎత్తుకుని బళ్లో దింపడానికి వెళ్తున్నట్టుంది.

ఒడ్డున తెప్పలవాళ్లు ఒకరిద్దరు తప్ప ఎవరూ లేరు. కెరటాలు పెద్దగా ఉన్నాయి. అమావాస్య కదా నిన్నటిదాకా. అత్త నడుం లోతుదాకా వెళ్లిపోయింది. నేను అరిచాను. వినలేదు. కారుని నీళ్ల మీద పెట్టి, బానెట్ మీద చెయ్యి వేసి, ఏదో అని, వదిలింది.

మునగలేదు. ఎందుకు మునుగుతుంది? అడుగు నిండా డబుల్ మ్యాట్. డ్రైన్ ప్లగ్ నేనే బిగించాను. చక్రాలకి బెండ్లు. తెల్లటి అంబాసిడర్ కెరటం ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. హనుమంతవాకలో కూడా అంత బాగా నడవలేదు. నేను నవ్వానో ఏడ్చానో తెలియదు. వెళ్లిపో బావా అన్నాను. పైకే అన్నాను. నెల రోజుల నుంచి నా నోట రాని మాట.

కెరటం దాన్ని తిప్పి తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది.

అత్త తీసుకుని ఇంకొంచెం లోపలికెళ్లి వదిలింది. మళ్లీ వచ్చింది. నేను తీసుకెళ్లాను. చీర తడిసి కాళ్లకి చుట్టుకుపోతోంది. బలంగా తోశాను, బావ తోసినట్టు వెనక నుంచి. కాస్త దూరం పోయి ఆగింది, ఆలోచించుకుంది, తిరిగి వచ్చింది. టాప్ ఊడలేదు. స్టీరింగ్ ఊడలేదు. లోపల సీట్లు కూడా పెద్దగా తడవలేదు.

అప్పుడు అత్త దాన్ని ఇసకలోంచి తీసి కొంగుతో తుడిచింది. హెడ్‌లైట్లు, బంపర్, వెనక అద్దం మీద పేర్లు. నా చేతికిచ్చి, ఇంటికి పదే అంది.

దారిలో తాతబాబు గారు ఎదురొచ్చాడు, కర్మ సామాను పట్టుకుని. అత్త ఆగకుండానే, మా ఇంటి బొమ్మ సేయించకు బాబూ, మా ఇంట్లో ఇంకా పనుంది అని చెప్పేసింది. ఆయన నా చేతిలో కారు చూశాడు, మా తడిసిన చీరలు చూశాడు, పక్కకి జరిగి దారిచ్చాడు.

బట్టలు మార్చుకుని కూర్చున్నాక తట్టింది నాకు. అది పోటు. నీళ్లు ఎక్కుతున్న టైమ్. పోటు మీద ఒడ్డున ఏది వదిలినా తిరిగి ఒడ్డుకే వస్తుంది, పేటలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. ఇచ్చేయాలనుకున్నవాళ్లు ఆటు కోసం ఆగుతారు, నీళ్లు వెనక్కి లాగే దాకా. ఇంకో రెండు మూడు గంటలు ఆగితే చాలు. నలభై ఏళ్లు ఒడ్డు మీద చేపలమ్మినావిడకి పోటేదో ఆటేదో తెలియదా?

అడుగుదామని వంటింట్లోకి వెళ్లాను. అత్త గంజి వారుస్తోంది. మూడు కంచాలు పెట్టింది. అడగలేదు.

డిసెంబర్ 22

స్టీరింగ్ పీకేశాను. అత్త దాన్ని పోపుల డబ్బాలో దాచింది.